ఊయల చుట్టూ తిరిగిన రాజ్యం: బోర్బన్లపై మీ ప్రశ్నలు

ఫ్రెంచి విప్లవం గురించి రాసినప్పటి నుంచీ ఫ్రాన్స్‌ని ఏలిన బోర్బన్ వంశం మీద ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. ఒకే రకం ప్రశ్నలు కలిపేసి, ఈసారి పేజీ మొత్తం వాళ్ళకే ఇచ్చేస్తున్నాను. కాలేజీలో ఈ పాఠం చెప్పినన్నాళ్ళూ పిల్లలు యుద్ధాల తేదీలు బట్టీ పట్టేవారు. నేను మాత్రం పురుళ్ళ తేదీలు, చావుల తేదీలు రాయించేదాన్ని. "హిస్టరీ మేడమ్ మంత్రసాని లెక్కలు చెబుతుంది" అని వెనక నవ్వుకునేవారని నాకు తెలుసు. నవ్వితే నవ్వారు గానీ, ఈ వంశానికి సంబంధించినంత వరకూ ఆ లెక్కలే అసలు చరిత్ర.

ప్రశ్న: 3వ హెన్రీ వాలువా వంశం వాడు, ఆయన తరవాత వచ్చిన 4వ హెన్రీ బోర్బన్. యుద్ధం గెలిచి గద్దెనెక్కాడా? లేక 3వ హెన్రీ చెల్లెల్ని పెళ్ళాడినందుకు అల్లుడి హోదాలో వచ్చిందా? (ఒక డిగ్రీ విద్యార్థిని)

అల్లుడి హోదా అసలే కాదమ్మా. ఫ్రాన్స్‌లో ఆడపిల్లకి కిరీటం రాదు, ఆడపిల్ల ద్వారా ఆమె కొడుక్కీ రాదు. 14వ శతాబ్దంలో రాజులు ఒకరి వెనక ఒకరు మగపిల్లలు లేకుండా పోతుంటే అప్పటి అవసరం కొద్దీ పెట్టుకున్న కట్టుబాటు ఇది. దానికి 'సాలిక్ చట్టం' అని పాతకాలపు పేరు తగిలించింది తరవాతే. దాని ప్రకారం వారసత్వం దాయాదులది. రాజుకి కొడుకు లేకపోతే తమ్ముడు, తమ్ముడూ లేకపోతే తండ్రి తమ్ముళ్ళ సంతానం, అలా పైకి వెళ్ళి మగవాళ్ళు మిగిలిన శాఖ ఎక్కడ తగిలితే అక్కడ ఆగాలి.

3వ హెన్రీకి పిల్లల్లేరు. ఉన్న ఒక్క తమ్ముడూ 1584లో పోయాడు. వాలువా శాఖలో ఇంకో మగవాడు లేడు. వెనక్కి వెళ్ళగా వెళ్ళగా 1270లో చనిపోయిన 9వ లూయీ, అదే సెయింట్ లూయీ, దగ్గర తేలారు. ఆయన ఆఖరి కొడుకు రాబర్ట్, బోర్బన్ సంస్థానం వారసురాలు బియాట్రిస్‌ని 1272లో చేసుకున్నాడు. పేరు అక్కడి నుంచే వచ్చింది. ఈ రాబర్ట్ 1279లో గుర్రాల మీద పోటీకి దిగి, తల మీద దెబ్బలు తిని, మతి చెడి, 1317 దాకా అలాగే బతికాడు. రెండు శతాబ్దాలు ఫ్రాన్స్‌ని ఏలిన వంశానికి మూలపురుషుడు ఆ అభాగ్యుడే.

సెయింట్ లూయీ నుంచి దిగుతూ లెక్కేయండి. 4వ హెన్రీ పదో తరం, 3వ హెన్రీ పదకొండో తరం. అంటే తండ్రి వైపు చూస్తే 4వ హెన్రీ బాబాయి వరస, వయసులో మాత్రం రెండేళ్ళు చిన్న. చెల్లెలు మార్గరెట్‌ని చేసుకున్నాడు కాబట్టి బావమరిది కూడా. తండ్రి వైపు వరస పట్టుకుంటే ఆ పెళ్ళికూతురు ఆయనకి కూతురవుతుంది! మన చదువరులు ముక్కున వేలేసుకుంటారని తెలుసు. అక్కడ అన్ని తరాల దూరం ఎవరూ పట్టించుకోలేదు. 1572 ఆగస్టు 18న పారిస్‌లో పెళ్ళి, 24 తెల్లవారుజామున ఆ పెళ్ళికొచ్చిన ప్రొటెస్టెంట్ పెద్దలనే ఊచకోత కోశారు. సెయింట్ బార్తలోమ్యూ హత్యాకాండ అదే. పెళ్ళికొడుకు మతం మారి బతికి బయటపడ్డాడు, అక్కణ్ణుంచి తప్పించుకున్నాక మళ్ళీ ప్రొటెస్టెంట్ అయ్యాడు.

ఇక యుద్ధం సంగతి. 1589లో ఒక సన్యాసి కత్తిపోటుకి 3వ హెన్రీ చనిపోగానే హక్కు 4వ హెన్రీదే, అందులో పేచీ లేదు. పేచీ అంతా మతం దగ్గర. కాథలిక్ లీగ్ అనే కాథలిక్కుల కూటమి పారిస్ తలుపులు తియ్యలేదు. నాలుగేళ్ళు పోరాడి, 1593 జులై 25న రాజుల సమాధులుండే సెయింట్ డెనీ చర్చిలో కాథలిక్కు అయ్యాడు. రాజుల పట్టాభిషేకం రీమ్స్‌లో జరగాలి, ఆ ఊరు లీగ్ చేతిలో ఉంది. అక్కడి పవిత్ర తైలమూ దొరకదు. 1594 ఫిబ్రవరి 27న షార్ట్ర్ చర్చిలో, మర్మూతియే మఠం నుంచి వేరే తైలం తెప్పించి పని కానిచ్చారు. మార్చి 22న పారిస్‌లో అడుగుపెట్టాడు. "పారిస్ కోసం ఒక్క ప్రార్థన చేస్తే ఏం పోయింది" అని ఆయన అన్నట్టు మీ నోట్సులో ఉంటే కొట్టేయండి, ఆధారం లేదు. 1598 నాంత్ శాసనంతో ప్రొటెస్టెంట్లకు రక్షణ ఇచ్చింది మాత్రం ఆయనే. 1610 మే 14న రావయాక్ అనేవాడు నడివీధిలో బండి ఆగినప్పుడు పొడిచి చంపాడు.

ప్రశ్న: 14వ లూయీ తరవాత ఏకంగా మునిమనవడు రాజయ్యాడు. మధ్యలో కొడుకు, మనవడు ఏమయ్యారు?

ఇది నాకు బాగా ఇష్టమైన ప్రశ్న, కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

1711 మొదట్లో 14వ లూయీ ఇల్లు నిండుగా ఉంది. ఆయన వయసు 72. వారసుడైన కొడుకు, ముగ్గురు మనవలు, ఫ్రాన్స్‌లోనే ఇద్దరు మునిమనవలు. మనవల్లో రెండోవాడు అప్పటికే స్పెయిన్ రాజు. నాలుగు తరాలు కళ్ళ ముందు తిరుగుతున్న రాజు యూరప్‌లో మరొకడు లేడు.

ఆ ఏప్రిల్ 14న కొడుకు మశూచితో పోయాడు. వారసత్వం పెద్ద మనవడు బర్గండీ డ్యూక్‌కి వచ్చింది. 1712 ఫిబ్రవరిలో ఆయన భార్య మరీ అడెలైడ్‌కి ఒళ్ళంతా ఎర్రగా పొక్కింది. తట్టు అన్నారు. దేశంలోకెల్లా పేరున్న వైద్యులంతా మంచం చుట్టూ చేరారు. వాళ్ళ చేతిలో ఉన్న వైద్యం ఒకటే, నరం కోసి రక్తం తియ్యడం. 12న ఆమె చనిపోయింది, వయసు 26. దగ్గరుండి చూసుకున్న భర్తకి అదే అంటుకుని 18న పోయాడు, వయసు 29. భార్యాభర్తలిద్దరినీ ఒకే ఊరేగింపుగా సెయింట్ డెనీకి తీసుకెళ్ళారు.

మిగిలింది ఇద్దరు పిల్లలు. పెద్దవాడికి ఐదేళ్ళు, చిన్నవాడికి రెండు నిండి నెల కూడా కాలేదు. మార్చి మొదట్లో ఇద్దరికీ తట్టు. రాజకుటుంబంలో పిల్లలకి శాస్త్రోక్తంగా జ్ఞానస్నానం చేసి పేరు పెట్టడం బాగా ఆలస్యంగా జరిగేది. ఇప్పుడు ప్రాణాల మీదకి వచ్చేసరికి మార్చి 8న హడావుడిగా ఇద్దరికీ కలిపి కానిచ్చారు. ఇద్దరికీ లూయీ అనే పెట్టారు, ఎవరు మిగిలినా పనికొచ్చేలా. వైద్యులు పెద్దవాడి దగ్గరికి వెళ్ళి రక్తం తీశారు. ఆ రోజే పిల్లాడు పోయాడు.

వాళ్ళు చిన్నవాడి వైపు తిరిగేసరికి, పిల్లల సంరక్షకురాలు మేడమ్ వెంతదూర్ అడ్డం నిలబడింది. పిల్లాణ్ణి తన దగ్గర పెట్టుకుని తలుపులు వేయించింది. వైద్యుల్ని రానివ్వలేదు. వెచ్చగా ఉంచి, బిస్కెట్టూ కాస్త వైనూ పెట్టి, దాదులతో కలిసి కనిపెట్టుకుని ఉంది. పిల్లాడు బతికాడు. వాడే 15వ లూయీ. బతికినన్నాళ్ళూ ఆమెను "అమ్మా" అనే పిలిచాడు.

ఆలోచించండి, రాజుగారి వైద్యులకి ఎదురు చెప్పడమంటే మాటలా? ఆ పిల్లాడు ఆమె చేతిలోనే పోయి ఉంటే ఆమె గతి ఏమిటి? ఫ్రాన్స్‌లో చదువుకున్న మగవాళ్ళందరూ ఒక వైపు, తలుపు గడియ మీద చెయ్యేసిన ఈమె ఒక వైపు. నా మటుకు నాకు ఆ శతాబ్దపు అతి పెద్ద రాజకీయ నిర్ణయం అదే.

ఎందుకంటే తరవాతి లెక్క చూడండి. మూడో మనవడు బెర్రీ డ్యూక్ గుర్రం మీద దెబ్బ తగిలి 1714 మేలో పోయాడు. స్పెయిన్ మనవడు ఫ్రాన్స్ హక్కు వదులుకున్నాడు, ఆ షరతు మీదే యూరప్ దేశాలు 1713లో యూట్రెక్ట్ దగ్గర సంధికి ఒప్పుకున్నాయి. ఈ పసివాడు కూడా పోతే తరవాత రాజు తమ్ముడి కొడుకు ఓర్లియన్స్ డ్యూక్. ఆయనకి రసాయనాల పిచ్చి, ఇంట్లో ప్రయోగశాల ఉంది. ఇంకేముంది, "విషం పెట్టింది ఇతనే" అని పారిస్ కోడై కూసింది. ముసలి రాజు టెన్షన్ ఎంతదాకా పోయిందంటే, పెళ్ళి కాని సంబంధం వల్ల పుట్టిన ఇద్దరు కొడుకుల్ని కూడా 1714 జులైలో వారసుల జాబితాలో చేర్చేశాడు. ఆయన పోయిన రెండేళ్ళకే దాన్ని కొట్టేశారు.

1715 ఆగస్టు చివర, కాలు కుళ్ళి మంచాన ఉన్న ముత్తాత ఆ ఐదేళ్ళవాణ్ణి దగ్గరికి పిలిపించి, కట్టడాల మీదా యుద్ధాల మీదా తనకున్న మోజు నువ్వు పెట్టుకోకు, పొరుగువాళ్ళతో శాంతిగా ఉండు అని చెప్పాడు. సెప్టెంబర్ 1న కన్నుమూశాడు. గద్దె మీద 72 ఏళ్ళ 110 రోజులు. పిల్లాడు వచ్చి 59 ఏళ్ళు ఏలాడు, యుద్ధాలూ మానలేదు. 1774లో తాతలాగే మశూచితో పోయాడు.

ప్రశ్న: 'నేనే రాజ్యం' అని 14వ లూయీ, 'రొట్టె లేకపోతే కేకు తినమనండి' అని మేరీ ఆంటోయినెట్ నిజంగా అన్నారా?

మొదటిది ఆయన అన్నట్టు ఆ కాలపు రాత ఏదీ లేదు. ఆఖరి రోజుల్లో అన్నాడని కొలువులోవాళ్ళు రాసుకున్నది దానికి పూర్తి వ్యతిరేకం: నేను పోతున్నాను, రాజ్యం ఎప్పటికీ ఉంటుంది అని. రెండోది రూసో తన ఆత్మకథలో ఎవరో 'గొప్ప రాకుమారి' అన్నట్టు రాశాడు. ఆ భాగం రాసేనాటికి మేరీ ఆంటోయినెట్ వియన్నాలో ఆడుకుంటున్న చిన్నపిల్ల.

ప్రశ్న: ఇనప ముసుగు ఖైదీ 14వ లూయీ కవల సోదరుడని సినిమాల్లో చూపిస్తారు. నిజమేనా?

కాదు. ముసుగు ఇనపది కాదు, నల్ల మఖ్మలుది. 1669లో పట్టుకున్న ఆ ఖైదీ 1703లో బాస్టిల్ కోటలో చనిపోయాడు. ఇక కవలలంటారా, ఫ్రాన్స్ రాణికి గుట్టుగా పురుడు పోసుకునే అదృష్టం లేదు. బిడ్డ మార్పిడి జరగలేదని సాక్ష్యం కావాలి కాబట్టి గదిలో రాజబంధువులు, కొలువువాళ్ళు ఉండేవారు. 13వ లూయీ, ఆన్ దంపతులకు 1615లో పెళ్ళయితే 1638 సెప్టెంబర్ 5న కొడుకు పుట్టాడు. ఇరవై మూడేళ్ళు ఎదురుచూసిన ఆ బిడ్డ వెనక ఇంకో బిడ్డ పుడితే అంతమంది కళ్ళు కప్పి దాచడం ఎవరి తరం?

ప్రశ్న: విప్లవంలో చెరసాలలో పెట్టిన చిన్న రాకుమారుడు తప్పించుకున్నాడని చదివాను. చివరికి ఏం తేలింది?

తప్పించుకోలేదు. తండ్రి 16వ లూయీని 1793 జనవరి 21న, తల్లి మేరీ ఆంటోయినెట్‌ని అక్టోబర్ 16న గిలెటిన్ ఎక్కించారు. 'టాంపుల్' అనే బురుజులో తల్లి దగ్గరున్న ఎనిమిదేళ్ళ పిల్లాణ్ణి ఆ జులైలోనే లాక్కుపోయారు. తరవాత నెలల తరబడి ఒంటరిగా ఒక గదిలో పెట్టి తాళం వేశారు. 1795 జూన్ 8న, పదేళ్ళ వయసులో, జబ్బుతో పోయాడు. రాచరికం కోరేవాళ్ళకి మాత్రం అతను 17వ లూయీ.

మర్నాడు శవపరీక్ష చేసిన డాక్టర్ పెల్తాన్, పక్కవాళ్ళు చూడకుండా గుండెను చేతిరుమాల్లో చుట్టి జేబులో వేసుకున్నాడు. ఆల్కహాల్ పోసి గాజు పాత్రలో దాచాడు. ఆల్కహాల్ ఆవిరైపోయి గుండె ఎండి రాయిలా అయింది. ఆయన శిష్యుడొకడు దొంగిలించాడు. అతను చనిపోయాక ఇంటివాళ్ళు తెచ్చి ఇచ్చారు. పారిస్ ఆర్చిబిషప్‌కి అప్పగిస్తే 1830 అల్లర్లలో ఆ భవనాన్ని జనం దోచుకున్నారు, పాత్ర పగిలింది. డాక్టరు కొడుకు గాజు పెంకుల్లో వెతికి పట్టుకున్నాడు. చేతులు మారుతూ దేశాలు తిరిగి 1975లో సెయింట్ డెనీకి చేరింది.

ఈలోగా "నేనే ఆ రాకుమారుణ్ణి" అంటూ పదుల మంది బయల్దేరారు. అందరిలోకి గట్టివాడు నాన్‌డార్ఫ్ అనే గడియారాల పనివాడు, 1845లో హాలెండ్‌లోని డెల్ఫ్ట్‌లో పోతే సమాధి మీద 17వ లూయీ అనే చెక్కారు. 2000లో గుండె నుంచి తల్లి వైపు డీఎన్‌ఏ తీసి, మేరీ ఆంటోయినెట్ తోబుట్టువుల వెంట్రుకలతోనూ, ఆ ఆడవాళ్ళ వంశంలో బతికున్న వాళ్ళతోనూ పోల్చారు. కలిసింది. 2004 జూన్ 8న, చనిపోయిన తేదీనాడే, తల్లిదండ్రుల సమాధులున్న చర్చిలో ఉంచారు.

ప్రశ్న: విప్లవంలో 16వ లూయీని 'లూయీ కాపే' అని ఎందుకు పిలిచారు? బోర్బన్ అనాలి కదా?

987లో గద్దెనెక్కిన హ్యూ కాపే నుంచి మగ వరసలో దిగినవాళ్ళే వాలువాలూ బోర్బన్లూ అందరూ. రాజుని మామూలు పౌరుణ్ణి చెయ్యాలంటే ఇంటిపేరు కావాలి, అందుకని అది తగిలించారు. విచారణకి పిలవడానికి వచ్చినవాళ్ళతో ఆయన అది నా పేరు కాదు, మా పూర్వీకుల్లో ఒకరి పేరు అన్నాడు. చరిత్ర పాఠంగా సరైన జవాబే. ప్రాణం మీదకి వచ్చినప్పుడు దేనికి పనికొస్తుంది?

ప్రశ్న: 1873లో సింహాసనం ఇస్తామంటే జెండా నచ్చలేదని ఒకాయన వద్దన్నాడట. ఇంత మూర్ఖత్వం ఉంటుందా? (ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి)

ఉంటుందండీ. అయితే ఆయన పుట్టుక తెలిస్తే మీరు కొంచెం తగ్గుతారు.

నెపోలియన్ పతనం తరవాత 16వ లూయీ తమ్ముళ్ళు 18వ లూయీ, ఆ వెనక 10వ చార్లెస్ రాజులయ్యారు. అన్నకి పిల్లల్లేరు. తమ్ముడి పెద్దకొడుక్కీ లేరు. మిగిలిన ఆశ చిన్నకొడుకు, ఇంకో బెర్రీ డ్యూక్. 1820 ఫిబ్రవరి 13 రాత్రి ఆపెరా బయట ఆయన్ని లూవెల్ అనేవాడు పొడిచేశాడు. వంశం తెగిపోవాలనే చంపానన్నాడు. డ్యూక్ భార్య అప్పటికే కడుపుతో ఉందని వాడికి తెలియదు.

సెప్టెంబర్ 29 అర్ధరాత్రి దాటాక తూయిలరీ ప్యాలెస్‌లో నొప్పులు మొదలై, సాక్షులు చేరేలోపే ఆమెకు కొడుకు పుట్టాడు. బిడ్డ నాది కాదంటారేమోనని ఆ ఇరవై ఒక్కేళ్ళ పిల్ల బొడ్డు కొయ్యనివ్వలేదు. కాపలా ఉన్న సైనికుల్ని లోపలికి పిలిపించింది. మార్షల్ సుషే వచ్చేదాకా అలాగే ఉండి, బిడ్డ ఇంకా తనతోనే ఉన్నాడని ఆయన చేత బొడ్డుతాడు పట్టి చూపించింది. వంశ చరిత్రలో ఇంతకన్నా ధైర్యమైన పురుడు నాకు కనబడదు. తరవాత పసివాడి పెదాలకి వెల్లుల్లి రాసి, జురాన్సన్ వైన్ చుక్క తాకించారు. 1553లో పో కోటలో 4వ హెన్రీ పుట్టినప్పుడు ఆయన తాత అలాగే చేశాడని. ప్రజలు చందాలు వేసుకుని షాంబోర్ కోట కొని ఆ బిడ్డకి కానుక ఇచ్చారు. షాంబోర్ కౌంట్ అనే పేరు దానివల్లే.

తొమ్మిదేళ్ళకే కథ అడ్డం తిరిగింది. 1830 జులై విప్లవంలో 10వ చార్లెస్ ఈ మనవడి పేర గద్దె దిగితే, దాయాది ఓర్లియన్స్ లూయీ ఫిలిప్ తానే రాజైపోయాడు. పిల్లాడు ప్రవాసం పోయాడు. 1848లో లూయీ ఫిలిప్, 1870లో 3వ నెపోలియన్ కూడా కూలిపోయాక, 1871 ఎన్నికల్లో రాచరికం కోరేవాళ్ళకే మెజారిటీ వచ్చింది. రాజీ కూడా కుదిరింది: షాంబోర్‌కి పిల్లల్లేరు, ముందు ఆయన, తరవాత ఓర్లియన్స్ వాళ్ళు. ఊరేగింపు బగ్గీలు కూడా తయారయ్యాయి.

అప్పుడు జెండా వచ్చిపడింది. సైన్యం, దేశం విప్లవం తెచ్చిన మూడు రంగుల జెండాకి అలవాటు పడ్డాయి. ఆయనకి బోర్బన్ల తెల్లజెండాయే కావాలి. తన ఊయల మీద అదే ఎగిరింది, సమాధి మీద కూడా అదే నీడ ఇవ్వాలి అని 1871లోనే ప్రకటించాడు. ఆయనకి మూడు రంగులంటే పెదతాతని చంపి, తాతని తరిమినవాళ్ళ గుర్తు. 1873 అక్టోబర్ 27న మళ్ళీ అదే మాట ఉత్తరంగా రాస్తే అది పత్రికకెక్కింది. నవంబర్లో రహస్యంగా వర్సాయ్ వచ్చి అధ్యక్షుడు మార్షల్ మాక్‌మాన్‌ని కలవాలనుకున్నాడు. మాక్‌మాన్ కుదరదన్నాడు.

ఇక రాచరికం పార్టీవాళ్ళు చేసిన పని చూడండి. ఈయన పోయేదాకా ఆగుదాం, అప్పుడు ఓర్లియన్స్ వాణ్ణి ఎక్కిద్దాం అనుకుని మాక్‌మాన్‌కి ఏడేళ్ళ పదవి ఇచ్చారు. ఈయన 1883 దాకా బతికాడు. ఈలోపల, 1875 జనవరి 30న 'రిపబ్లిక్ అధ్యక్షుడు' అనే మాట చట్టంలోకి ఎక్కింది, 353కి 352, ఒకే ఒక్క ఓటు తేడాతో. మొండితనమంటే మొండితనమే, నేను కాదనను. కానీ పుట్టడమే ఒక సాక్ష్యంగా పుట్టినవాడు, రంగు మార్చుకుని రాజయ్యే రకం ఎలా అవుతాడు? ఆ విషయంలో 4వ హెన్రీ పోలిక ఈయనకి రాలేదు.

ప్రశ్న: ఇప్పుడు బోర్బన్లు ఎక్కడైనా రాజులుగా ఉన్నారా? ఫ్రాన్స్‌లో ఎవరైనా హక్కు అడుగుతున్నారా?

స్పెయిన్ రాజు 6వ ఫెలిపే బోర్బనే, 1700లో అక్కడికి వెళ్ళిన 14వ లూయీ మనవడి సంతతి. లక్సెంబర్గ్ గ్రాండ్ డ్యూకులు కూడా మగ వరసలో పార్మా బోర్బన్లు.

ఫ్రాన్స్‌లో ఇద్దరున్నారు. ఒకరు 1974లో పుట్టిన లూయీ అల్ఫోన్సో, స్పెయిన్ శాఖలో పెద్దకొమ్మ, తల్లి వైపు జనరల్ ఫ్రాంకోకి మునిమనవడు. ఇంకొకరు 1965లో పుట్టిన ఓర్లియన్స్ జాన్, పారిస్ కౌంట్. కిరీటం సొంత ఆస్తి కాదు కాబట్టి 1713లో వదులుకోవడమే చెల్లదని మొదటి పక్షం, సంతకం పెట్టాక చెల్లుతుందని రెండో పక్షం. లూయీ అల్ఫోన్సో తండ్రి మూడు బంగారు లిల్లీ పూల రాచచిహ్నం వాడుకుంటున్నాడని ఓర్లియన్స్ వాళ్ళు కోర్టుకి కూడా వెళ్ళారు. 1988 డిసెంబర్లో పారిస్ కోర్టు ఆ కేసు కొట్టేసింది, రాజవంశాల తగాదా తీర్చడం రిపబ్లిక్ కోర్టు పని కాదంటూ.

హాబ్స్‌బర్గుల మీద వచ్చిన ఉత్తరాలు పక్కన పెట్టాను. వాళ్ళ సంగతి వచ్చే నెల.